హౌజు కడిగినట్టు కడగొద్దు

మెట్‌పల్లిలో పాత ఇల్లు ఏది చూసినా పెరట్లో ఒక హౌజు ఉంటుంది. దాన్ని కడిగేందుకు వారంలో ఒక రోజూ ఉంటుంది. ఉన్న నీళ్లన్నీ తోడి పారబోసి, కొబ్బరి పీచుతో గోడలు రుద్ది, బ్లీచింగ్ పొడి చల్లి, మళ్లీ కడిగి, ఎండబెడితే గానీ ఇంటి పెద్దకు తృప్తి ఉండదు. మంచి అలవాటే. ఏడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం పది రోజులు చాలు. వారానికోసారి హౌజు ఎండితే దాని ఆట కట్టు. అయితే ఈ అలవాటులో పెరిగినవాడు పెరట్లో చేపలు పెంచాలనుకుంటే మొదటి చిక్కు తన చేతులతోనే వస్తుంది. అవి కడగకుండా ఊరుకోవు.

మా చేపల హౌజు జామచెట్టుకు కాస్త ఎడంగా ఉంటుంది. మూలకు కలువ దుంప, లోపల కొన్ని బంగారు తీగలు, కొన్ని రవ్వలు. పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "నీళ్లు పచ్చగైనయ్ గదా బిడ్డా, ఎన్నడు కడుగుతవ్?" అంటుంది. "చేపలు మంచిగనే ఉన్నయ్ పెద్దమ్మా" అంటే ఆమెకు నమ్మకం కుదరదు. ఆమె లెక్కలో పచ్చ నీళ్లు పశువుల గోలెంలో ఉండాల్సినవి.

హౌజు గోడకు పట్టిన ఆ సన్నని జారుడు పొరే చేపలకు ప్రాణం. చేప వదిలే మలినం, తినగా మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. అది చేపలకు విషం. గోడ మీద, రాళ్ల మీద కాపురమున్న ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం వచ్చి నైట్రేట్ చేస్తుంది, దాన్ని మొక్కలు తాగేస్తాయి. ఈ సంగతిని 1890 ప్రాంతంలో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త తేల్చాడు. కొత్త హౌజులో ఈ కాపురం కుదురుకోవడానికి నెల పైనే పడుతుంది. పీచు పట్టుకుని పది నిమిషాల్లో దాన్ని ఊడ్చిపారేయొచ్చు. తళతళలాడే హౌజులో మూడో నాటికి చేపలు వెల్లకిలా తేలాయంటే కారణం దిష్టి కాదు.

పచ్చదనం ఎంత ఉంటే మేలు? 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ మతగురువు తెల్లటి పళ్లేన్ని సముద్రంలోకి దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో చూసి నీటి తేటదనం కొలిచాడు. మనకు ఆ పళ్లెం అక్కర్లేదు. చేయి నిటారుగా ముంచి అరచేతిని చూస్తూ పోవాలి. మోచేయి తడవకముందే వేళ్లు కనబడకుండా పోతే నాచు ఎక్కువైంది, మేత తగ్గించి కొన్ని నీళ్లు మార్చాలి. మోచేయి మునిగేదాకా కనిపిస్తే దిగులు లేదు. పచ్చగా కాక మట్టిరంగుగా ఉంటే ముందు చేపలను చూడండి. బంగారు తీగకు అడుగు తవ్వి తినడం పుట్టుబుద్ధి. అది ఉన్నచోట తేట నీళ్ల ఆశ వదులుకోవాలి.

నీళ్లు మార్చడమంటే వారానికి అయిదో వంతు, అంతకు మించి వద్దు. మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ కలుస్తుంది. మనకు మంచిదే, చేప మొప్పలకు, గోడ మీది బ్యాక్టీరియాకు మాత్రం చావే. డ్రమ్ములో పట్టి ఒకటి రెండు రోజులు ఎండలో మూత తీసి ఉంచాకే పోయాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు, ఆక్సిజన్ కూడా అంతంతే. పైపును ఎత్తున కట్టి, నీళ్లు చిమ్ముతూ పడేలా చేస్తే సరి. తోడిన పాత నీళ్లు జామకు, కరివేపాకుకు పోయండి. అడుగు బురదనైతే పెద్దమ్మే తట్టలో తీసుకుపోతుంది, ఆమె కాకరపాదుకు. నీళ్ల రంగు నచ్చదు గానీ బురద మాత్రం కావాలి! మిషన్ కాకతీయలో చెరువు పూడిక మట్టి ట్రాక్టర్ల మీద చేలకు చేరింది కూడా ఇదే లెక్కన.

మేత గురించి ఎక్కువ చెప్పను. కోనేట్లో చేపలకు ప్యాలాలు చల్లి దండం పెట్టే జనం మనం. ఇంటికొచ్చిన చుట్టాలు బిస్కెట్లు కూడా వేస్తారు. అయిదు నిమిషాల్లో తినేసేంత తవుడు, పల్లి చెక్క చాలు.

ఎండాకాలమంటే అందరికీ భయం. న్యాయమే. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఇముడుతుంది. 35 డిగ్రీలకు అది 7కు దిగుతుంది. అందుకే సగం హౌజు మీద నీడ ఉండాలి, కలువాకు గానీ గ్రీన్ నెట్ గానీ. నాకు మాత్రం ముసురంటే ఎక్కువ భయం. పగలు ఎండ ఉంటే నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానే పీలుస్తుంది. ముసురు పట్టి సూర్యుడు మొహం చాటేస్తే ఇవ్వడం దాదాపు ఆగిపోతుంది, పీల్చడం ఆగదు. తెల్లవారుజామున టార్చ్ పట్టుకుని చూడండి. రవ్వలన్నీ పైకి చేరి, మూతులు తెరిచి నీటి పైపొరను చప్పరిస్తుంటాయి. అది ఆకలి కాదు, మేత వేస్తే ఇంకా ముప్పు. కరెంటు ఉంటే గాలి మోటారు, లేకుంటే బకెట్‌తో ముంచి నడుమెత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తూ ఉండాలి, చేపలు కిందికి దిగేదాకా. కొర్రమట్ట పెంచేవాళ్లు మాత్రం కంగారు పడనక్కర్లేదు. 2016లో మన రాష్ట్ర చేప అయిన ఈ మొండిఘటం గాలిని నేరుగా మింగడానికే పైకి వస్తుంది. దానికి కావాల్సింది వల మూత, లేకపోతే ఎగిరి జామచెట్టు కింద పడుతుంది. మిరుగం దగ్గర పడితే దాని బాగోగులు అడిగే బంధువులు పెరుగుతారు, అది వేరే ముచ్చట.

ఇంకొకటి. అక్వేరియం దుకాణాల్లో నల్లటి, గరుకు ఒంటి సక్కర్ చేపను చూపించి, "ఇదొక్కటి వేస్తే హౌజు అదే శుభ్రం చేస్తది" అంటారు. గోడ నాచు కొంత గీకుతుంది, నిజమే. గీకినదానికి రెండింతలు పెంట పెడుతుంది. మూరెడు పెరిగాక ఉంచలేక జనం దాన్ని చెరువులో వదిలేస్తున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల నీళ్లలోనూ ఇప్పుడది ఉంది. దెయ్యం చేప అంటున్నారు. ముళ్లకు వలలు చిరుగుతాయి, సంతలో కొనేవాడు ఉండడు. ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లు దాన్ని దుకాణంలోనే తిరిగి ఇచ్చేయండి. కాకతీయ కాలువలో మాత్రం వేయకండి. ఆ నీళ్లు కరీంనగర్ దగ్గర లోయర్ మానేరులో కలుస్తాయి, అక్కడ వలతో బతికే కుటుంబాలు ఉన్నాయి.