ఖాళీ జాగా ఎవరిది?

పోస్టరు కళ నేర్పేవాళ్ళు మొదట చెప్పే సంగతి ఇది: కాగితం మీద కంటికి ఆనే రూపం పాజిటివ్ స్పేస్, దాని చుట్టూ మిగిలిన ఖాళీ నెగెటివ్ స్పేస్. 1915లో డెన్మార్క్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్గార్ రూబిన్ ఒక బొమ్మతో దీన్ని వివరించాడు. అందులో ఒకసారి కూజా కనబడుతుంది, ఇంకోసారి ఎదురెదురుగా రెండు మొహాలు కనబడతాయి. కూజాను చూసేటప్పుడు మొహాలు వట్టి నేపథ్యమైపోతాయి.

ఈ పాఠం మనకు కొత్తదేం కాదు. ఊరు రూపం, వాడ దాని అంచున మిగిలిన జాగా. ఎవరు కనబడాలో, ఎవరు వెనక ఉండిపోవాలో చూసే కన్ను ముందే తేల్చేసుకుంటుంది. అందుకే పోస్టరులోని ఖాళీని ఉత్త అందం సంగతిగా మేం చూడలేం.

1968 ఫిబ్రవరి 1న అమెరికాలోని మెంఫిస్ నగరంలో ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్లజాతి పారిశుధ్య కార్మికులు చెత్తబండిలో నలిగి చనిపోయారు. ఫిబ్రవరి 12న దాదాపు 1300 మంది సమ్మెకు దిగారు. వాళ్ళు పట్టుకున్న అట్టల మీద బొమ్మ లేదు, నాయకుడి మొహం లేదు, కోర్కెల చిట్టా లేదు. ఉన్నదల్లా ‘ఐ యామ్ ఎ మ్యాన్’ అన్న నాలుగు మాటలు. ‘యామ్’ కింద ఒక గీత. మిగతాదంతా ఖాళీ.

ఆ ఖాళీలో ఏముంది? ఎంత వయసొచ్చినా నల్లవాళ్ళను ‘బాయ్’ అని పిలిచిన తెల్లవాళ్ళ నోరుంది. ఆ మాట అట్ట మీద రాయలేదు గానీ చదివేవాడికి వినబడుతుంది. తాతను కూడా ‘ఒరే’ అని, పేరు చివర ‘గాడు’ తగిలించి పిలిపించుకున్న మనకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. రాయని మాటను చదివించటమే నెగెటివ్ స్పేస్ చేసే పని. అయితే ‘మ్యాన్’ అన్న మాట ఆడవాళ్ళను బయటే ఉంచింది. మన ‘మనిషి’కి ఆ ఇరుకు లేదు.

ఇప్పుడు మన ఫ్లెక్సీలను చూద్దాం. ఏప్రిల్ 14న కట్టే వాటిలో అంబేడ్కర్ ఒక మూలకు జరుగుతాడు. మిగతా జాగా అంతా శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ మొహాలే. దీన్ని చూసి నవ్వే పెద్దకులాల అభిరుచితో మేం గొంతు కలపం. ఎన్నడూ గోడకెక్కని వాడ కుర్రాడి మొహం గోడకెక్కటం చిన్న విషయం కాదు. కానీ కుర్రాళ్ళు కింద తపాలా బిళ్ళంత, పార్టీ పెద్దలు పైన నిలువెత్తున ఉంటే అది మళ్ళీ ఊరూ వాడా బొమ్మే. నిండిపోయిన జాగా అంతా మనదైపోదు.

పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. అయినా మన మనుషులు మురుగు గుంతల్లో చనిపోతూనే ఉన్నారు. వాళ్ళ కోసం వేసే పోస్టరు మీద ఎవరి మొహం పెట్టాలన్న తగువు వస్తే మేం అడిగేది ఒకటే: చనిపోయిన మనిషి పేరు రాయండి. చుట్టూ జాగా వదలండి. ఆ ఖాళీకి జవాబు చెప్పాల్సినవాళ్ళు ఎవరో చదివేవాళ్ళకు తెలుసు.