ఫ్యాన్ ఆపి వినవలసిన కాన్చెర్టో

వివాల్డీ అనగానే మనకు తెలిసింది 'నాలుగు ఋతువులు'. హోటల్ లిఫ్టులో అదే, ఫోన్లో మనల్ని ఆగమన్నప్పుడు మోగేదీ అదే. ఆయన మీద తెలుగులో పుస్తకం రాస్తూ వాటి జోలికే పోకుండా, వయోలా దమోరె, ల్యూట్ జంటకు రాసిన ఒక్క డి మైనర్ కాన్చెర్టో (ఆర్.వి. 540) చుట్టూ కథంతా నడపడానికి గుండె కావాలి. ఈ అమ్మాయికి ఉంది. స్వయంగా వయొలిన్ వాయిస్తుంది కాబట్టి, రాసిన ప్రతి మాటనూ చెవితో సరిచూసుకుంది.

1740 మార్చి 21న వెనిస్‌లో, పియెతా అనాథాశ్రమంలో, సాక్సనీ యువరాజు ఫ్రెడరిక్ క్రిస్టియన్ గౌరవార్థం కచేరీ జరిగింది. ఆ రోజు ప్రధానాంశం గోల్దోనీ రాయగా గెన్నారో దలెస్సాంద్రో స్వరపరచిన గేయప్రబంధం. దాన్ని ఇవాళ తలచుకునేవాళ్లు అరుదు. ఆ సందర్భానికే వివాల్డీ ఇచ్చిన మూడు కాన్చెర్టోలు, ఒక సింఫోనియా మాత్రం యువరాజు వెంట డ్రెస్డెన్ చేరి, అక్కడి గ్రంథాలయంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో ఒకదానికి మాండొలిన్లు, థియోర్బోలు, షలుమోలు, రికార్డర్లు, అన్నీ జంటలు జంటలుగా కావాలి. తిరునాళ్ల సందడి! ఇంకొకటి మన కాన్చెర్టో. అందులో అందరూ గొంతు తగ్గించుకోవాలి.

పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఈ గొంతు తగ్గించడాన్ని విప్పిచెప్పిన అధ్యాయం. ల్యూట్‌ది వేలి మీటుకు పుట్టే సన్నని నాదం. పక్కన నలుగురు కమాను గట్టిగా లాగితే చాలు, అది ఉందో లేదో తెలియదు. అందుకని వివాల్డీ తీగవాద్యాలన్నిటికీ మ్యూట్ పెట్టించాడు. బ్రిడ్జి మీద ఆ చిన్న ముక్క తగిలించగానే తీగ కదలిక పెట్టెలోకి పూర్తిగా దిగదు. చప్పుడు తగ్గుతుంది, మెరుపు పోయి నాదం మెత్తబడుతుంది. ఇక వయోలా దమోరెకు కమాను తగిలే తీగలు ఆరో ఏడో ఉంటే, వాటి కింద ఎవరూ తాకని తీగలు మరికొన్ని ఉంటాయి. తమ స్వరం పైన పలికితే అవి వాటంతటవే మోగుతాయి. సితార్ తరబ్ తీగలు ఎరిగినవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. డి మైనర్‌కు శ్రుతి చేసిన ఆ వాద్యంలో పై తీగలూ కింది తీగలూ కలిసి పలుకుతాయి. అంచేత ఈ శ్రుతి ఎంపిక యాదృచ్ఛికం కాదని రచయిత్రి వాదన. నేను ఒప్పుకుంటాను.

ఈ కాన్చెర్టోలో నెమ్మదిగా సాగే లార్గో భాగం వినేముందు ఫ్యాన్ ఆపమంటుంది రచయిత్రి. ఆపాను. చెమటలు పట్టిన మాట నిజమే గాని, ల్యూట్ తీగ మీద వేలు జారే చప్పుడు కూడా చెవినబడింది.

ఒక్కచోట నాకు పేచీ ఉంది. పియెతా బాలికల మీద రచయిత్రి అవసరానికి మించి జాలి ఒలకబోసింది. జాలి పడవలసినవి లేవని కాదు: తల్లిదండ్రులు వదిలేసిన పిల్లలు, కటకటాల వెనక నిలబడి వాయించిన పిల్లలు. కానీ 1703 నుంచి వివాల్డీ రాసింది ఆ చేతుల సత్తా తెలిసి. అన్న మారియా అనే వాద్యకారిణి పేరు వెనిస్ దాటి వినబడింది. వయోలా దమోరె, ల్యూట్, మాండొలిన్ వాయించగలవాళ్లంతా ఒకే కప్పు కింద ఉన్నారు కాబట్టే ఇంత వింత జంట ఆయనకు తట్టింది. ఈ సంగతిని రచయిత్రి నాలుగో అధ్యాయంలో తానే చెప్పి, అయిదో అధ్యాయంలో మరచిపోయింది. మలి ముద్రణలో సర్దుకుంటుందిలెండి.

యువరాజు కచేరీ జరిగిన 1740లోనే వివాల్డీ వెనిస్ వదిలాడు. 1741 జులైలో వియన్నాలో పేదగా కన్నుమూశాడు. ఈ ఘట్టాన్ని ఒక్క పేజీలో, కన్నీళ్లు పెట్టించకుండా దాటించినందుకు రచయిత్రిని ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను.

టెలిమన్ రికార్డరుకూ అడ్డపిల్లనగ్రోవికీ జోడు కట్టిన ఇ మైనర్ కాన్చెర్టో ఒకటుంది. పాత వేణువు వెళ్లిపోతూ, కొత్తది వస్తూ కలుసుకున్న చోటు అది. చిరంజీవి తర్వాతి పుస్తకం దాని మీద రాయాలని నా కోరిక. దానికి ముందుమాట ఇంకెవరి చేతనైనా రాయించుకోవచ్చు, ప్రతి మాత్రం నాకు మొదట పంపాలి.