ముందు రిజిస్టరు, తర్వాతే స్కానరు

పాత పుస్తకాలను డిజిటైజ్ చేయిద్దామనుకుంటున్నాం, ఏ స్కానరు కొనమంటారు అని చిన్న గ్రంథాలయాల వాళ్లు అడుగుతుంటారు. వచ్చిన పుస్తకాలన్నీ నమోదు చేసే మీ యాక్సెషన్ రిజిస్టరు ఎక్కడుందని నేను ఎదురడుగుతాను.

ఆమధ్య ఒకచోట హార్డ్ డిస్కు తెరిచి చూశాను. ‘కొత్తవి’ అని ఒక ఫోల్డరు, దాంట్లో ‘కొత్తవి ఫైనల్’. లోపల స్కాన్1, స్కాన్10, స్కాన్11, ఆ తర్వాతెప్పుడో స్కాన్2. ఏ పుస్తకం ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఒక్కో బొమ్మా తెరవాల్సిందే. ఆ పక్క బీరువాలోనే గుడ్డ బైండింగు రిజిస్టరు ఉంది. నంబరు, రచయిత, ముద్రాక్షరశాల, వెల, ఎవరిచ్చారు... అన్నీ గుండ్రటి చేతిరాతలో. కొన్నింటి ఎదురుగా ఎర్ర సిరాతో ‘పోయినది’. దాన్ని మాత్రం స్కాన్ చేయలేదు. ‘అది పుస్తకం కాదు కదండీ!’ అన్నారు అక్కడి కార్యదర్శి గారు.

మొదట స్కాన్ కావలసింది అదే. అందులోని నంబరే ఫైలుకు పేరు కావాలి. 00412_001 అంటే 412వ పుస్తకం, మొదటి పేజీ. ముందు సున్నాలుంటే పదో పేజీ రెండోదాన్ని దాటుకుని పోదు. శీర్షికల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొడితే ఏమవుతుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో చూశాం. వేల తెలుగు పుస్తకాలు అక్కడికెక్కాయి గానీ, పేర్లలో తప్పుల వల్ల ఉన్న పుస్తకమే లేనట్టయింది. తర్వాత ఆ సైటే ఆగిపోయింది. కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరబట్టి ఇవాళ చదవగలుగుతున్నాం.

రిజిస్టరులోని జాబితాను యూనికోడ్‌లోనే కొట్టాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టించినవి వేరే కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులే. వాటిలో వెతకడమూ కుదరదు. సంవత్సరం ఇంకో చిక్కు. ముఖపత్రం మీద ‘రక్తాక్షి’ అని మాత్రమే ఉంటే అది 1864-65 కావచ్చు, 1924-25 కావచ్చు. ముద్రాక్షరశాల ఎప్పటిదో చూసి తేల్చుకోవాలి. తేలకపోతే ఉన్నది ఉన్నట్టు ‘రక్తాక్షి’ అనే రాయాలి. ఊహించి 1924 అని వేస్తే అదే నాలుగు చోట్లకు పాకి రుజువైపోతుంది.

చోటు సంగతి కూడా చెప్పాలి. ఎ4 కాగితమంత పేజీని 300 డీపీఐలో రంగుల్లో తీసి, కుదించకుండా దాస్తే సుమారు 26 ఎంబీ. అలాంటి 300 పేజీలు ఎనిమిది జీబీకి దగ్గర. అందుకని మూల ప్రతుల్ని చెరిపేసి పీడీఎఫ్‌లు మాత్రం ఉంచుకునేవాళ్లున్నారు. నన్నడిగితే పుస్తకాలు తగ్గించి స్కాన్ చేయడం మేలు. ఎక్కడా దొరకని స్థానిక పత్రికలు, కరపత్రాలు, గ్రంథాలయం మినిట్స్ పుస్తకాలు ముందు. పది చోట్ల దొరికే నవలలు ఆగుతాయి.

ఇక కాపీలు. ఒకటి గ్రంథాలయంలో, ఒకటి ఇంకో ఊళ్లో, వీలైతే మూడోది నెట్లో. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) తీసిపెట్టుకుని ఏటా సరిచూస్తే ఏ ఫైలు పాడైందో బయటపడుతుంది, రెండో డిస్కునుంచి తెచ్చుకోవచ్చు.

ఇదంతా మనిషి చేసే పని. అందుకే ఆ కార్యదర్శి గారితో అన్నాను: దాతను స్కానరు అడగకండి, రిజిస్టరు చదివి టైపు చేసే మనిషికి ఆర్నెల్ల జీతం అడగండి అని.

‘నిజమే గానీ, జీతానికి శిలాఫలకం ఎక్కడ వేస్తామండీ?’ అన్నారాయన.