కంచె అవతలి పిల్లలు

పదేళ్ల ఆన్‌మరీ బుట్ట పట్టుకుని అడవి దారిన పరుగెడుతోంది. రేవులో మేనమామ పడవ బయల్దేరేలోగా అందులోని పొట్లం ఆయనకు చేరాలి. జర్మన్ సైనికులు కుక్కలతో అడ్డగించి పొట్లం చించితే, లోపల ఉన్నది చేతిరుమాలు!

లోయిస్ లోరీ 1989లో రాసిన ‘నంబర్ ది స్టార్స్’ నవలలోని ఘట్టమిది. రుమాలు సంగతి కట్టుకథలా తోస్తుంది గానీ, అదే నిజం. ఎండిన కుందేలు నెత్తురు, కొకైన్ కలిపిన పొడిని రుమాళ్లకు అద్దేవారు. నెత్తురు వాసనకు కుక్క ముక్కు పెట్టేది, కొకైన్‌కు ఆ ముక్కు మొద్దుబారేది. పడవ అడుగున దాక్కున్న మనుషులను ఇక పసిగట్టలేకపోయేది. 1943లో నాజీలు ఆక్రమించిన డెన్మార్క్ నుంచి ఏడు వేలకు పైగా యూదులు సముద్రం దాటి స్వీడన్ చేరారు. ఆన్‌మరీ మాత్రం లోరీ ఊహ.

పిల్లలకు మారణహోమం కథ చెప్పేవారికి ఉన్న స్వేచ్ఛ అంతవరకే. బిడ్డను కల్పించవచ్చు. ఆ బిడ్డను చుట్టుముట్టిన ప్రమాదాన్ని మాత్రం ఉన్నదున్నట్టు చూపాలి.

జాన్ బోయిన్ ‘ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పైజామాస్’ (2006) ఇక్కడే తప్పింది. నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌లో కమాండెంట్ కొడుకు, ఖైదీ అయిన యూదు పిల్లవాడు కంచెకు చెరోవైపు కూర్చుని రోజూ కబుర్లాడుకుంటారు. అసలు కంచెలో కరెంటు పారేది, కాపలా ఉండేది. అక్కడ దిగిన యూదు పిల్లల్లో అత్యధికులను వచ్చిన రోజే గ్యాస్ గదులకు పంపేవారు. చివరికి పాఠకుల కన్నీళ్లు ఎక్కువగా కమాండెంట్ కొడుక్కే దక్కుతాయి. ఈ చరిత్ర చదివేవారు, బోధించేవారు ఆ నవలకు దూరంగా ఉండాలని ఆష్విట్జ్ మ్యూజియం 2020లో చెప్పింది. నీతికథేనని రచయిత అనుకున్నా, పిల్లలు దాన్ని చరిత్రగానే చదువుతున్నారు.

పాట్రీషియా మెక్‌కార్మిక్ ‘నెవర్ ఫాల్ డౌన్’ (2012) చాలా కష్టమైన పుస్తకం, అంత నిజాయతీ కలది కూడా. కంబోడియాలో 1975లో కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ అధికారం చేపట్టినప్పుడు, ఈ కథకు మూలమైన ఆర్న్ చోర్న్-పాండ్ చిన్నపిల్లవాడు. ఆ పాలన నాలుగేళ్లు నిండకుండానే పదిహేను నుంచి ఇరవై లక్షల మందిని బలిగొంది. ఖ్మేర్ రూజ్ శిబిరంలో ఆర్న్ ఖిమ్ అనే తీగల వాద్యం నేర్చుకుని బతికాడు. చంపుతున్న చప్పుడు బయటికి వినిపించకుండా పిల్లలచేత పాటలు వాయింపజేసేవారు. తర్వాత చేతికి తుపాకీ ఇచ్చారు. ఆర్న్‌తో సుదీర్ఘంగా మాట్లాడి, వ్యాకరణానికి లొంగని అతని ఇంగ్లీషులోనే మెక్‌కార్మిక్ కథ నడిపింది. జ్ఞాపకాల్లోని ఖాళీలను ఊహతో నింపింది కనుక దాన్ని నవల అనే చెప్పింది. ప్రాణం దక్కించుకోవడానికి హంతకులను మెప్పించాల్సి వచ్చిన పిల్లవాడి సిగ్గును ఎక్కడా దాచలేదు. పసివాళ్లు తట్టుకోలేరని మనం అనుకునేది ఆ పసివాడు అనుభవించాడు.

బోయిన్ నవల మీ ఇంట్లో పిల్లల చేతిలో కనిపిస్తే లాక్కోకండి. ఆ కంచె గురించి నిజం చెప్పండి. పదేళ్లవారికి లోరీని, పదిహేను దాటినవారికి ఆర్న్ కథను తెచ్చివ్వండి. వాళ్లతోపాటు మీరూ చదవండి.