పుస్తకం వాళ్లది, గీత నాది

పెన్సిల్ చేతిలో లేకుండా చదవడం నాకు రాదు. బాగున్న వాక్యం కింద గీత, ఒప్పుకోలేని మాట పక్కన ప్రశ్నార్థకం, ఇదే సంగతి ఇంకెక్కడో చదివానని తోస్తే అంచులో ఆ పుస్తకం పేరు. సమీక్ష రాయడానికి కూర్చున్నప్పుడు ముందు తిరగేసేది ఆ గీతలనే. రచయితతో నేను పడిన వాదనంతా అక్కడే ఉంటుంది. ఈ-రీడర్ వచ్చాక ఈ పని మరింత సుఖమైంది. వాక్యం మీద వేలు పెట్టి జరిపితే హైలైట్, రెండు మాటలు టైపు చేస్తే నోట్. ఎప్పుడో చదివినదాన్ని ఒక్క పదంతో వెతికి పట్టుకోవచ్చు. కాగితం పుస్తకంలో ఆ వీలు లేదు. అందుకే నా చదువులో సగం ఇప్పుడు తెరమీదే సాగుతోంది.

అయితే తెరమీద గీసిన గీత పుస్తకం మీద పడదు. పుస్తకం ఒక ఫైలు. గీత విడిగా మరోచోట నమోదవుతుంది, ఫలానా ఫైలులో ఫలానా స్థానం నుంచి ఫలానా స్థానం దాకా అని. ఆ నమోదు చాలావరకు కంపెనీ సర్వర్లో, మన ఖాతా కింద ఉంటుంది. ఫైలు పోయినా, లోపలి పాఠం మారినా, ఖాతా మూతపడినా గీతకు ఆధారం ఉండదు.

2009 జులైలో అమెరికాలో ఇది బయటపడింది. జార్జ్ ఆర్వెల్ నవలలు '1984', 'యానిమల్ ఫార్మ్'లను అక్కడ హక్కులు లేని ఒక సంస్థ అమెజాన్ ఈ-బుక్కుల దుకాణమైన కిండిల్ స్టోరులో అమ్మకానికి పెట్టింది. సంగతి తెలిశాక అమెజాన్ వాటి అమ్మకం ఆపడంతో సరిపెట్టలేదు. అప్పటికే కొన్నవాళ్ల కిండిళ్లలోంచి కూడా చెరిపేసి డబ్బు వెనక్కి ఇచ్చింది. నిఘా రాజ్యాన్ని గురించి రాసిన నవలే అలా మాయమవడం విడ్డూరమని లోకమంతా మాట్లాడుకుంది. నన్ను కదిలించింది మాత్రం మిషిగన్‌లో ఉండే 17 ఏళ్ల విద్యార్థి సంగతి. అతను బడి పనికోసం '1984' చదువుతూ నోట్స్ రాసుకున్నాడు. నవల పోయింది, నోట్స్ మిగిలాయి. 'ఈ పేరా ముఖ్యం' అన్న నోట్ ఉండి, ఆ పేరా లేకపోతే ఏం చేసుకోవాలి? అతను కోర్టుకు వెళ్లాడు. అమెజాన్ అప్పటి అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. పుస్తకాన్ని నోట్స్‌తో సహా తిరిగి ఇస్తామని, వద్దంటే 30 డాలర్లు ఇస్తామని కంపెనీ కొన్నవాళ్లకు రాసింది. కోర్టు ఆదేశం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప ఇకమీదట దూరం నుంచి పుస్తకాలు చెరపబోమని రాజీ ఒప్పందంలో మాటిచ్చింది. మాట మంచిదే. కానీ చెరపగల శక్తి కంపెనీ దగ్గరే ఉంది. దాన్ని ఎప్పుడు వాడకూడదన్నదే ఒప్పందం.

పదేళ్ల తర్వాత మైక్రోసాఫ్ట్ వంతు. 2019 ఏప్రిల్‌లో తన ఈ-బుక్ స్టోరు మూసేస్తున్నట్టు ప్రకటించింది. జులై నుంచి అక్కడ కొన్న పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. డబ్బు వాపసు ఇచ్చారు. నోట్స్, హైలైట్లు ఉన్నవాళ్ల ఖాతాలో అదనంగా 25 డాలర్లు జమచేశారు. పుస్తకం ధర తిరిగి ఇవ్వడం నాకు అర్థమవుతుంది. ఆ ధర వాళ్లు పెట్టిందే. నోట్స్‌కి ధర ఎవరు కట్టగలరు? ఒకరు రెండు ముక్కలు రాసుకుని ఉంటారు, ఇంకొకరు పరిశోధన కోసం ఏడాది పొడుగునా రాసుకుని ఉంటారు. ఇద్దరికీ అదే 25. అయినా ఒక మేలు జరిగింది. పాఠకుడి రాతకు పుస్తకం ధరతో సంబంధం లేని విలువ ఉందని, అది పోతే నష్టమని ఒక పెద్ద కంపెనీయే ఒప్పుకున్నట్టయింది.

పోవడం ఒక్కటే కాదు, మారిపోవడం కూడా ఉంది. రోల్డ్ డాల్ పిల్లల పుస్తకాల్లో పఫిన్ సంస్థ చాలా మాటలు మార్చిందని 2023లో పెద్ద గొడవ జరిగింది. పాత పాఠాన్ని ఈ-బుక్‌గా కొనుక్కున్న కొందరి దగ్గర ఆ పుస్తకాలు వాటంతటవే కొత్త పాఠంగా మారిపోయాయని బ్రిటన్‌లో వార్తలొచ్చాయి. ఆ మార్పులు మంచివా కావా అన్నది వేరే చర్చ. విమర్శ రాసేవాళ్లకు, ముందు అక్కడ ఏముండేదో చూపించగలగడం ముఖ్యం. గీత కింద వాక్యం మారితే నేను దేనితో విభేదించానో రుజువు చేసుకోలేను.

చట్టం సంగతి సూటిగానే ఉంది. మనం కొన్నామనుకునేది చదువుకునేందుకు ఇచ్చిన లైసెన్సు. ఆ మాట కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో చేసిన చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలైనా కాకముందే, ఫిబ్రవరి 26న, కిండిల్ పుస్తకాలను కంప్యూటర్లోకి దించుకుని యూఎస్‌బీ ద్వారా ఎక్కించుకునే వీలును అమెజాన్ తీసేసింది. లైసెన్సు మరొకరికి బదిలీ కూడా కాదు. కాగితం పుస్తకం అలా కాదు, చేతులు మారుతుంది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లో ఎవరెవరివో గీతలు కనిపిస్తాయి. పేరు తెలియని ఆ పాఠకుల్లో కొందరు నాకంటే బాగా చదివారు. వాళ్ల అభ్యంతరాలు చూసి నా అభిప్రాయం మార్చుకున్న సందర్భాలున్నాయి. ఈ-బుక్‌లో ఆ చదువు గీసిన మనిషి దగ్గరే ఆగిపోతుంది.

ఒక వ్యాసం కోసం నా రీడర్‌లోని హైలైట్లన్నీ బయటికి తీయబోతే కొంతదూరం వచ్చాక వాక్యాలు రావడం ఆగిపోయింది. ప్రచురణకర్త పెట్టిన పరిమితి దాటిందట. ఎక్కువ గీతలు గీసినవాళ్లకే ఎక్కువ కోత, అంటే శ్రద్ధగా చదివినవాళ్లకే శిక్ష. నా సొంత మాటల్లో రాసుకున్నవి మాత్రం పూర్తిగా వచ్చాయి.

అప్పటినుంచి నోట్ దానంతటది నిలబడాలని నియమం పెట్టుకున్నాను. ముందు వాక్యం సారం నా మాటల్లో, ఆ తర్వాతే నా అభిప్రాయం. స్థానం సంఖ్యను నమ్ముకోకుండా అధ్యాయం పేరు, అక్కడ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో రాస్తాను. నా రీడర్‌లో తెలుగు కీబోర్డు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తుంటే వాక్యం కురచైపోతోంది, దాంతోపాటు ఆలోచనా కురచైపోతోంది. అందుకని పెద్ద నోట్స్‌కి మళ్లీ కాగితమే. పుస్తకం పూర్తవగానే రీడర్‌లో ఉన్నవాటిని మామూలు టెక్స్ట్ ఫైలుగా కంప్యూటర్లో దాస్తాను. కాపీ చేసుకోకుండా వేసే డిజిటల్ తాళం (డీఆర్‌ఎం) లేని పుస్తకాలను సర్దుకోవడానికి మన దేశస్థుడు కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితంగా దొరుకుతుంది. ఇలా రాయడం మొదలుపెట్టాక నోట్స్ సంఖ్య తగ్గింది, వాటితో సమీక్ష రాయడం సులువైంది.

కానీ ఇదంతా పాఠకుడే చూసుకోవలసిన పని కాకూడదు. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూత్రీసీ సంస్థ 2017లోనే నోట్స్‌కి ఒక ఉమ్మడి పద్ధతి ప్రకటించింది. అందులో స్థానంతోపాటు గీసిన వాక్యాన్ని, దానికి ముందూ వెనకా ఉన్న మాటలనీ నమోదు చేసే వీలుంది. ఫైలు మారినా గీత ఎక్కడిదో కనిపెట్టవచ్చు. సాంకేతికంగా అడ్డేమీ లేదు, ఇవ్వాలనే ఉద్దేశం ఉండాలి.

తాళం లేని ప్రతులు ఏం కాపాడతాయో తెలుగువాళ్లకు తెలుసు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి ఉంచారు. కాపీరైటు వివాదాల మధ్య ఆ సైటు మూతపడింది. అప్పటికే ప్రతులు దించుకున్నవాళ్లు వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చారు. హక్కులున్న పుస్తకాలు కూడా అందులో కలిసిపోయాయన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ అచ్చులో లేని ఎన్నో పాత పుస్తకాలు ఇవాళ మనకు అందుతున్నది అక్కడే.

ఈ-బుక్కులు తెస్తున్న ఒకరిద్దరు తెలుగు ప్రచురణకర్తలతో ఈ సంగతి మాట్లాడాను. తాళం తీస్తే పైరసీ పెరుగుతుందని వాళ్ల భయం. 2012లో తాళాలు తీసేసిన టోర్ ప్రచురణ సంస్థ బ్రిటన్ శాఖ, ఏడాది తర్వాత చూస్తే పైరసీ చెప్పుకోదగ్గంతగా పెరగలేదని ప్రకటించింది. మన మార్కెట్ వేరు అన్నారు, అదీ వినవలసిన మాటే. హైలైట్ల మీద పరిమితి ఎత్తేసే విషయం ఆలోచిస్తామన్నారు. ఈ-బుక్‌లో పాఠం మార్చినప్పుడల్లా మొదటి పేజీలో తేదీ వేయడానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ముందు అదైనా మొదలుపెట్టమని అడిగాను.