మూడు నిలువు వరుసల విద్య

మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాయువు వచ్చినవాడి కథ ఉంది. జనం కిక్కిరిసిపోయి ఉంటే, మోసుకొచ్చినవాళ్లు ఇంటికప్పు విప్పి అతణ్ణి పరుపుతో సహా కిందికి దించుతారు. యేసు అక్కడున్న శాస్త్రులతో మాట్లాడుతుంటాడు. పాపాలు క్షమించే అధికారం మనుష్యకుమారుడికి ఉందని మీకు తెలియాలి గనుక అంటూ ఆయన ఎత్తుకున్న వాక్యం పూర్తికాదు. కథకుడు మధ్యలో దూరి, ఆయన రోగి వైపు తిరిగి చెప్పాడంటూ మాటను అటు మళ్లిస్తాడు. కథ చెప్పేవాడికి ఇలా వాక్యం తెగడం మామూలే. కానీ మత్తయి తొమ్మిదో అధ్యాయం తీయండి, వాక్యం అక్కడే తెగింది. లూకా ఐదో అధ్యాయం తీయండి, అక్కడే. ముగ్గురు ఎవరికి వారు విని, ఎవరికి వారు రాసుకుని, ముగ్గురూ సరిగ్గా ఒకేచోట వాక్యాన్ని విరిచారంటే నేను నమ్మను. ఒకరి రాత మరొకరి కళ్ల ముందు ఉంది. ఎవరిది ఎవరి ముందు అన్నదే అసలు తగువు. దాన్ని తేల్చడానికి పుట్టిన విద్య గురించే ఈ నాలుగు మాటలు.

పూర్వకథ దగ్గర పెద్దగా ఆగాల్సిన పని లేదు. మార్కు పేతురుకు దుబాసీ అని పపియాస్ అన్నట్టు యూసేబియస్ రాశాడు. మార్కు మత్తయి అడుగుజాడల్లో నడుస్తూ కుదించి రాశాడని అగస్టీన్ అన్నాడు, చాలా శతాబ్దాలు అదే చెల్లింది. రెండో శతాబ్దంలో టేషియన్ నాలుగు సువార్తల్నీ కలిపి ఒకే కథగా కుట్టేశాడు. ఈ కుట్టుపని మోజు పదహారో శతాబ్దానికి ఎంత ముదిరిందంటే, ఆసియాండర్ అనే జర్మన్ పండితుడు రెండు చోట్ల తేడాగా చెప్పిందల్లా రెండుసార్లు జరిగినట్టే లెక్కగట్టాడు. యేసు చావు నుంచి లేపిన యాయీరు కూతురు పాపం ఒకసారికి మించి చనిపోయి లేవాల్సి వచ్చింది!

ఈ వెర్రిని ఆపినవాడు గ్రీస్‌బాక్. మూడు సువార్తల గ్రీకు పాఠాన్ని పక్కపక్కన నిలువు వరుసల్లో పేర్చి 1776లో విడి పుస్తకంగా అచ్చువేశాడు. కలపడానికి కాదు, తేడాలు కనబడటానికి. ఆయన తేల్చింది నాకు నచ్చదు. మత్తయి, లూకాలను చూసి మార్కు చివర రాశాడన్నాడు. అయినా ఆ పేజీ కూర్పు ఒక్కటి చాలు, ఆయనకు చేతులెత్తి దండం పెట్టడానికి. ఈనాటికీ ఈ పనివాళ్లు కూర్చునేది ఆ వరుసల ముందే. 1880లో రష్‌బ్రూక్ అదే పేజీకి రంగులద్ది, ఎవరి మాట ఎవరితో కలుస్తోందో చూడగానే తెలిసేలా అచ్చువేయించాడు. తర్వాత ఎంతమంది విద్యార్థులు రంగు పెన్సిళ్లు అరగదీశారో!

పనితనం అంటే ఏమిటో చూడాలంటే జాన్ హాకిన్స్‌ను చూడాలి. 1899లో ఆక్స్‌ఫర్డ్‌లో వెలువడిన ఆయన పుస్తకంలో ఊహాగానం తక్కువ, లెక్కింపు ఎక్కువ. జరిగిపోయినదాన్ని వర్తమానంలో చెప్పడం మార్కుకు అలవాటు: వస్తాడు, అంటాడు, చూస్తారు. ఇలాంటి క్రియలు హాకిన్స్ లెక్కకు 151 వచ్చాయి. చదువుకున్న గ్రీకు రాసే లూకాకు ఆ ధోరణి నచ్చదు. మార్కు నుంచి తీసుకున్న భాగాల్లో వాటన్నిటినీ దిద్దుకుంటూ పోయి ఒకే ఒక్కటి మిగిల్చాడు. అది యాయీరు కథలోనే ఉంది, ఇంటి నుంచి మనిషి కబురు మోసుకొచ్చే చోట. దిద్దేవాడి చెయ్యి జారిన చోటును కంప్యూటర్ లేని రోజుల్లో, ఒట్టి కళ్లతో పట్టుకున్నాడు మహానుభావుడు.

చెయ్యి జారడం అన్నాను గదా, నన్ను ఈ విద్యకు దాసుణ్ణి చేసింది అదే. మార్క్ గుడ్‌ఏకర్ 1998లో రాసిన చిన్న వ్యాసంలో దీనికి అలసట అని పేరు పెట్టాడు. బాప్తిస్మమిచ్చే యోహానును చంపించిన హేరోదు అంతిప ఏనాడూ రాజు కాడు, తండ్రి రాజ్యంలో ఒక ముక్కకు చతుర్థాధిపతి మాత్రమే. మార్కు అతణ్ణి ధారాళంగా రాజు అనేస్తాడు. మత్తయి ఖచ్చితమైన మనిషి, పద్నాలుగో అధ్యాయం మొదట్లోనే దాన్ని చతుర్థాధిపతి అని దిద్దాడు. తొమ్మిదో వచనానికి వచ్చేసరికి రాజు దుఃఖపడ్డాడని రాశాడు. పైగా ఆ దుఃఖం మాత్రం ఎక్కడిది? మార్కులో హేరోదుకు యోహాను అంటే భయభక్తులున్నాయి, బాధపడ్డాడంటే అర్థముంది. మత్తయిలో హేరోదే అతణ్ణి చంపాలని చూస్తున్నాడు. పాత దస్తావేజు చూసి కొత్తది రాసే లేఖరి మొదటి పేజీలో యజమాని పేరు మార్చి, నాలుగో పేజీలో పాత పేరే వదిలేసినట్టుంది వ్యవహారం. ఏది అసలో ఏది నకలో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

లూకా పందొమ్మిదో అధ్యాయం ఇంకా రుచి. ఒక గొప్పవాడు పదిమంది దాసుల్ని పిలిచి తలా ఒక మినా ఇచ్చి వెళతాడు. తిరిగొచ్చి లెక్క అడిగినప్పుడు మొదటివాడు వస్తాడు, రెండోవాడు వస్తాడు, ఆ తర్వాత 'ఇంకొకడు' వస్తాడు. మిగతా ఏడుగురూ ఏమైపోయారు? మత్తయి చెప్పిన తలాంతుల కథలో ఉన్నది మొదటి నుంచీ ముగ్గురే. లూకా పదిమందితో ఘనంగా మొదలుపెట్టి, నడుమ అలసి, తన ముందున్న కథలోకి జారిపోయాడు.

ఇక్కడ నా పక్షం దాచుకోను. మార్కు ముందు, మార్కును చూసి మత్తయి, ఇద్దరినీ చూసి లూకా. 1955లో ఆస్టిన్ ఫారర్ ఈ మాట అన్నాడు, మైకేల్ గౌల్డర్ దానికోసం జీవితమంతా పోరాడాడు. ఎదుటి పక్షం బలగం పెద్దది. మత్తయి, లూకా ఒకరినొకరు చూడలేదనీ, మార్కులో లేకుండా ఆ ఇద్దరిలోనే ఉన్నదంతా పోయిన ఒక గ్రంథం నుంచి వచ్చిందనీ వాళ్ల వాదం. ఆ గ్రంథానికి పేరు క్యూ. లూకా అలసింది క్యూను చూసి రాస్తూ అనొచ్చు వాళ్లు. సరే, అయితే ఇద్దరూ క్యూనే చూసి రాసినప్పుడు ఈ భాగాల్లో మత్తయి ఎందుకు అలసిపోడు? నాకు తృప్తినిచ్చే జవాబు ఇంతవరకు రాలేదు.

ఎదుటి పక్షంలోనూ దిగ్గజాలున్నారు, కాదనను. 1924లో స్ట్రీటర్ రాసిన గ్రంథం ఇప్పటికీ కొండంత. కానీ ఆ కొండ తడబడిన చోటు చూడండి. యేసును కొడుతూ, నిన్ను కొట్టింది ఎవరో చెప్పు అని వెక్కిరించే గ్రీకు మాటలు ఐదు. మార్కులో అవి లేవు. మత్తయిలో, లూకాలో అక్షరం తేడా లేకుండా ఉన్నాయి. ఒకరినొకరు చూడకపోతే ఇదెలా సాధ్యం? స్ట్రీటర్ ఏం చేశాడంటే, మత్తయి ఆ మాటలు రాయలేదు, తర్వాత ఎవరో చేర్చారన్నాడు. మత్తయి రాతప్రతుల్లో ఆ మాటలు లేనిది ఒక్కటీ లేదు! సిద్ధాంతం నిలబడటానికి ప్రతులన్నిటినీ తప్పు పట్టడం ఏం న్యాయం?

ఇంతవరకు పండితుల పోరు, అందులో గౌరవం ఉంది. ఒళ్లు మండేది ఆ తర్వాతి సంగతికి. క్యూ ప్రతి ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు, చింకిముక్క కూడా. అయినా 2000లో దానికి విమర్శనాత్మక ప్రచురణ వచ్చింది, అధ్యాయాలు, వచనాల అంకెలతో సహా. అందులో పడ్డ శ్రమ సామాన్యం కాదు, కానీ ఊహను పరిష్కృత గ్రంథం వేషంలో చూశాక జనం ఊరుకుంటారా? ఆ ఊహలోనే పొరలు తీశారు, పొరకొక సమాజాన్ని నిలబెట్టారు, ఆ సమాజం ఏం నమ్మిందో చెప్పారు. పోయిన సువార్త దొరికిందన్నట్టు చవకబారు పుస్తకాలు, వీడియోలు పుట్టుకొచ్చాయి. వాటిని చూసేవాళ్లలో ఎందరు ఒక్క పేరానైనా వరుసల్లో పెట్టి చూసుకుని ఉంటారు? ఇంకోవైపు, నాలుగు సువార్తల్నీ కలిపి ఒకే పట్టికలో సర్దేసే ఆసియాండర్ వారసులు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నారు. ఒకరు లేని గ్రంథాన్ని కల్పిస్తారు, ఇంకొకరు ఉన్న తేడాలను చెరిపేస్తారు. పని చేయరు ఇద్దరూ.

మన వేదాంత కళాశాలల పెద్దలకు ఒక విన్నపం. పరీక్షలో నాలుగు డబ్బాలు, వాటి మధ్య బాణాలు గీస్తే మార్కులిచ్చే ప్రశ్న అడగకండి. ఆ బొమ్మను బట్టీ పట్టినవాడికి విద్య అంటదు. తలాంతుల కథ ఒక వరుసలో, మినాల కథ ఒక వరుసలో ఇచ్చి, రంగు పెన్సిళ్లు చేతికిచ్చి రెండు గంటలు కూర్చోబెట్టండి. ఆ పిల్లవాడు చివరికి క్యూ వైపే తేలినా ఫర్వాలేదు, నాకు పోట్లాడదగ్గ మనిషి ఒకడు దొరుకుతాడు.