‘అస్తు’ చిత్రంలో సంరక్షణ: చన్నమ్మ, ఇరా పాత్రల పరిశీలన

కీలకపదాలు: డిమెన్షియా, సంరక్షణ, ‘అస్తు’, చాదస్తం, వ్యక్తిత్వం.

సుమిత్రా భావే, సునీల్ సుక్తంకర్ దర్శకత్వం వహించిన మరాఠీ చిత్రం ‘అస్తు’ డిమెన్షియా బారిన పడిన సంస్కృత పండితుడు చక్రపాణి శాస్త్రి కథ. ఈ పాత్రధారి మోహన్ ఆగాషే స్వయంగా మనోవైద్యులు. కూతురు ఇరాతో కారులో వచ్చిన శాస్త్రి వీధిలో ఏనుగును చూసి దాని వెంట వెళ్లిపోతాడు. ఇంటివారు వెదుకుతుండగా మావటి భార్య చన్నమ్మ ఆయనను చేరదీస్తుంది. ఈ పాత్రకు అమృతా సుభాష్ 2013 సంవత్సరపు జాతీయ పురస్కారాలలో ఉత్తమ సహాయనటిగా ఎంపికయ్యారు.

ప్రేక్షకుని మనస్సు సహజంగా చన్నమ్మ వైపే మొగ్గుతుంది. నిరుపేద అయిన ఆమె, ఎవరో తెలియని వృద్ధునికి తల్లి అవుతుంది. అయితే ఆమెను కొలబద్దగా చేసి ఇరాను తూచడం న్యాయం కాదు. శాస్త్రి ఒకప్పుడు ఎలా ఉండేవాడో చన్నమ్మ ఎరుగదు. కనుక ఆయన మరుపు ఆమెకు నష్టంగా తోచదు. ఇరా ఆ పాండిత్యం నీడలో పెరిగింది. పైగా చన్నమ్మది కొద్దికాలపు ఆదరణ. ఇంటి సంరక్షణకు అటువంటి గడువు ఉండదు. అడిగిన ప్రశ్నకే పదోసారి జవాబివ్వాలి, స్నానానికి ఒప్పించాలి, బట్టలు తొడగాలి, రాత్రి తలుపు గడియ సరిచూసుకోవాలి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి.

చన్నమ్మ పద్ధతిపైనా ఒక ఆక్షేపణకు తావుంది. టామ్ కిట్‌వుడ్ 1997లో ప్రచురించిన గ్రంథంలో, రోగిని పసివానిగా చూడటాన్ని అతని వ్యక్తిత్వాన్ని దెబ్బతీసే ప్రవర్తనల్లో ఒకటిగా లెక్కించాడు. చన్నమ్మ చేసేది అదే కదా అనిపించవచ్చు. కానీ ఆమె శాస్త్రిని చులకన చేయదు, తొందరపెట్టదు, తప్పు దిద్దదు. పసివాని మాటను కొట్టివేయడం వేరు, పసివానికి ఇచ్చినంత సమయం ఇవ్వడం వేరు. కిట్‌వుడ్ ఆక్షేపణ మొదటిదానికే వర్తిస్తుంది.

తెలుగు పాఠకునికి ఇక్కడ ‘చాదస్తం’ అనే మాట స్ఫురించక మానదు. వేదాధ్యయనపరుని సూచించే ‘ఛాందస’ శబ్దానికి చెందిన ఈ మాట వాడుకలో ముసలివారి పునరుక్తికి, మొండిపట్టుకు పేరైంది. పండితుడే రోగి అయిన ఈ కథలో ఆ అర్థపరిణామం మరింత కటువుగా వినిపిస్తుంది. చాదస్తం అన్నప్పుడు దోషం మెదడు జబ్బుది కాక మనిషి స్వభావానిది అవుతుంది. అక్కడ సేవకు బదులు విసుగు మొదలవుతుంది. ఆ మాట అనని ఇళ్లలో సైతం పెద్దవారి ముందు కూర్చుని, ‘నేనెవరో చెప్పు, చూద్దాం’ అని అడగడం కద్దు. ప్రేమతోనే అడుగుతారు. అయినా అది పరీక్షే, అందులో తప్పేది ప్రతిసారీ ఆ వృద్ధుడే. చన్నమ్మకు ఈ ప్రశ్న వేయవలసిన అవసరమే లేదు. ఇరా మాత్రం దానిని రోజూ నోటిదాకా రానిచ్చి ఆపుకోవలసి ఉంటుంది.